గాజు తీగ ఇంటికొస్తే



విశాఖపట్నంలో ఏ వీధిలోకి వెళ్లినా స్తంభాల మీద నల్లటి తీగలు కనిపిస్తాయి. కొన్ని కేబుల్ టీవీవి. కొన్ని పాత టెలిఫోనువి. ఇంకొన్ని ఫైబర్ తీగలు. ఇంటర్నెట్ కోసం ఈ ఫైబర్ తీగ ఇంట్లోకి వస్తే ఏమి మారుతుంది? ఏమి మారదు? ఈ రోజు ఆ సంగతే.

పాత టెలిఫోను తీగలో ఉండేది రాగి. రాగిలో కరెంటు పారుతుంది. ఆ కరెంటే మాటను మోసేది. ఫైబర్ తీగలో ఉండేది గాజు. వెంట్రుక అంత సన్నని గాజు పోగు. అందులో కరెంటు పారదు. వెలుగు పారుతుంది. ఆ వెలుగు చాలా వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. మాటా, పాటా, బొమ్మా అన్నీ ఆ వెలుగులోనే వస్తాయి. గాజు పోగుతో ఇంత పని చేయించవచ్చని 1966లో చార్లెస్ కావ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. 2009లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

సముద్రం పక్కన ఉన్న ఊరికి గాజు తీగ మంచిదే. ఉప్పుగాలికి రాగి చిలుము పడుతుంది. గాజుకు చిలుము పట్టదు.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే ఫైబర్‌నెట్ అనే సంస్థను పెట్టింది. కరెంటు స్తంభాల మీదుగా ఊరూరికీ తీగ లాగింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. అప్పుడు నెట్టు, టీవీ, ఫోను మూడూ కలిపి నెలకు 149 రూపాయల నుంచి ఇచ్చారు. తర్వాత ధరలు మారాయి. ఇప్పుడు బి.ఎస్.ఎన్.ఎల్., ప్రైవేటు కంపెనీలు కూడా ఫైబర్ ఇస్తున్నాయి.

గాజువాక దగ్గర ఒక ఇల్లు అనుకోండి. భర్తకు స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని. కూతురు ఇంటరు చదువుతోంది. ఇంట్లో అత్తగారు ఉన్నారు. పాత టెలిఫోను తీగ మీదే నెట్టు వస్తోంది. పాఠం వీడియో మధ్యలో ఆగిపోతోంది. ఫైబర్ పెట్టిద్దామని కూతురు పోరుతోంది.

తీగ వేసే కుర్రాడు వస్తాడు. గోడకు చిన్న కన్నం వేస్తాడు. ఎక్కడ వేయాలో ఇంటావిడే చెప్పాలి. లోపల ఒక చిన్న పెట్టె బిగిస్తాడు. ఆ పెట్టెకు ఇంటి కరెంటు కావాలి. ఒక ప్లగ్గు ఖాళీగా ఉంచాలి. పెట్టె ఇంటి మధ్యలో ఉంటే అన్ని గదులకూ నెట్టు అందుతుంది. గోడలు అడ్డమైన కొద్దీ వైఫై బలం తగ్గుతుంది. వెనక వంటింట్లో సన్నగా వస్తే అది తీగ తప్పు కాదు.

డాబా మీద ఆ తీగకు తడి చీరలు ఆరేయకూడదు. గట్టిగా వంచినా, మెలిపెట్టినా లోపలి పోగు గాజుగాజు లాగే పుటుక్కున విరుగుతుంది. పైకి మాత్రం ఏమీ కనపడదు. రాగి తీగ తెగితే రెండు కొసలూ మెలిపెట్టేవారు. గాజును అలా కలపలేరు. దానికి వేరే మిషను కావాలి. తెగిన తీగ కొసలోకి కన్ను పెట్టి చూడకూడదు. ఆ వెలుగు కంటికి కనపడదు, కానీ కన్నును పాడు చేయవచ్చు. పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

పెట్టె మీద చిన్న దీపాలు ఉంటాయి. చాలా పెట్టెల మీద 'ఎల్.ఓ.ఎస్.' అనే ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అక్కడ ఎర్ర దీపం వెలిగితే బయటి నుంచి వెలుగు రావడం లేదని అర్థం. పెట్టెను ఒకసారి ఆపి మళ్లీ వేయాలి. అప్పటికీ ఎరుపే ఉంటే కంపెనీకి ఫోను చేయాలి.

ఇక అసలు సంగతి. అమ్మేవాళ్లు దీన్ని తమంతట తాము చెప్పడం తక్కువ. పాత టెలిఫోనుకు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. వీధిలో కరెంటు పోయినా ఫోను మోగేది. ఫైబర్ ఫోను అలా కాదు. ఇంట్లో కరెంటు పోతే పెట్టె ఆగుతుంది. పెట్టె ఆగితే నెట్టూ పోతుంది, ఆ ఫోనూ పోతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఎలా కొట్టిందో చూసినవాళ్లు మరిచిపోలేరు. చెట్లు పడ్డాయి, స్తంభాలు ఒరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రాత్రి అత్తగారికి గుండెల్లో నొప్పి వస్తే ఫైబర్ ఫోను పలకదు. అందుకే ఇంట్లో ఒక మామూలు సెల్‌ఫోను కూడా ఉండాలి. తుఫాను కబురు రాగానే దాన్ని నిండా చార్జి చేసి పెట్టాలి. పెట్టెకు తగిన మినీ యూపీఎస్ అనే చిన్న బ్యాటరీ దొరుకుతుంది. అది కొన్ని గంటలు నడుపుతుంది. స్తంభమే కూలి తీగ తెగితే అదీ పనికిరాదు.

ఇప్పుడు డబ్బు మాట. కంపెనీవాళ్లు వేగం అని ఒకటి చెప్తారు, డేటా అని ఒకటి చెప్తారు. వేగం అంటే కుళాయి గొట్టం లావు. డేటా అంటే నెలకు ఎన్ని బిందెలు అని. బిందెలు అయిపోతే నీళ్లు పూర్తిగా ఆగవు, సన్నధార వస్తుంది. ఇద్దరు ముగ్గురు ఫోనుల్లో వీడియోలు చూసే ఇంటికి మరీ లావు గొట్టం అక్కర్లేదు. ఎక్కువ ధర ప్లాను అంటగడుతుంటే వద్దనవచ్చు.

నెలకు 500 రూపాయలు అంటే బిల్లు 590 వస్తుంది. పన్ను 18 శాతం కలుస్తుంది. మొదటి నెల తీగ వేసిన ఖర్చు, డిపాజిట్టు కూడా ఉండవచ్చు.

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అంటాడు కుర్రాడు.

"ఉండు బాబూ, చదవనీ" అనాలి ఇంటావిడ. అతను తొందరపెడితే పెట్టనివ్వండి. నెమ్మదిగా, వేలు పెట్టుకుని అయినా చదవాలి. పెట్టె అమ్మారా, అద్దెకిచ్చారా? ఎన్ని నెలలు తప్పనిసరిగా ఉంచుకోవాలి? పాత ఫోను నంబరు ఉంటుందా, పోతుందా? కాగితంలో లేకపోతే అడిగి రాయించుకోవాలి. ఆధార్ జిరాక్సు ఇస్తే దాని మీద 'ఫైబర్ కనెక్షన్ కోసం మాత్రమే' అని రాసి, తేదీ వేసి ఇవ్వాలి.

తర్వాత ఎవరో ఫోను చేసి "మీ నెట్టు కట్ అవుతుంది, ఓటీపీ చెప్పండి" అంటారు. చెప్పకూడదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

కనెక్షన్ మానేస్తే అద్దె పెట్టెను తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. డిపాజిట్టు అడగడానికి ఆ రసీదే ఆధారం.