గాలిమర మీద మనసుపడ్డ విమానాల ఇంజనీరు

(పరకాలలో రైతు కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కరెంటు గురించి మాట్లాడమని పిలిచి కూర్చోబెడితే జర్మనీ ఇంజనీరు కథ ఎత్తుకున్నాడేమిటి అనుకోకండి. ఆ కథ చివరికి మన పొలం గట్టు మీదికే వస్తుంది.

ఆయన పేరు ఉల్రిక్ హ్యూటర్. 1910లో పిల్సెన్‌లో పుట్టాడు. ఇప్పుడది చెక్ దేశంలో ఉంది. చదివింది విమానాల చదువు. సోదరుడు వోల్ఫ్‌గాంగ్‌తో కలిసి ఇంజన్ లేకుండా ఎగిరే గ్లైడర్ తయారుచేశాడు. దాని పేరు హెచ్-17. ఒక మీటరు కిందికి దిగేలోపు పదిహేడు మీటర్లు ముందుకు పోతుందని ఆ పేరు పెట్టారు. మన చెరువు మీద గద్ద రెక్క కొట్టకుండా తిరుగుతుంది చూడండి, గ్లైడర్ కూడా అంతే. ఇంజన్ ఉన్నవాడు పెట్రోలు పోసి తప్పులు కప్పుకోవచ్చు. గ్లైడర్ చేసేవాడికి ఆ వీలు లేదు. రెక్క తేలిగ్గా ఉండాలి, గట్టిగా ఉండాలి, గాలిని కొంచెం కూడా వృథా చేయకూడదు. ఆ రెక్కనే స్తంభం మీద పెట్టి తిరగనిస్తే గాలిమర. హ్యూటర్ జీవితమంతా ఈ ఒక్క పని మీదే గడిచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. నీళ్లు తోడే పాత గాలిమరలకు చాలా రెక్కలుంటాయి. పంపు కదలడానికి బలం కావాలి, వేగం అక్కర్లేదు. కరెంటుకు వేగం కావాలి, కాబట్టి సన్నటి రెక్కలు రెండో మూడో చాలు. ఈ లెక్కలన్నిటినీ ఒక పద్ధతిలో పెట్టి 1942లో వియన్నాలో డాక్టరేట్ వ్యాసం రాశాడు హ్యూటర్.

అది నాజీల కాలమని మరవొద్దు. ఆయన పనిచేసిన వైమార్ నగరంలోని వెంటిమోటర్ కంపెనీని 1940లో పెట్టించినవాళ్లలో ఫ్రిట్జ్ సౌకెల్ ఒకడు. లక్షలాది మందిని వెట్టిచాకిరీకి తరలించిన నేరానికి 1946లో ఉరికంబమెక్కినవాడు. వెట్టి అంటే ఏమిటో ఈ గడ్డ మీద ఎవరికీ వివరించనక్కర్లేదు. గాలికి పార్టీ లేదు గానీ, గాలిమర ఎవరి చేతిలో ఉందన్నదానికి ఉంది.

యుద్ధం తర్వాత ఆల్‌గయ్యర్ అనే కంపెనీకి చిన్న గాలిమరలు రూపొందించాడు. లైను రాని పల్లెలకూ వ్యవసాయ క్షేత్రాలకూ ఆరేడు కిలోవాట్లు ఇచ్చే యంత్రాలు. ఆపైన 1957లో అసలైన పని: దక్షిణ జర్మనీలో ష్టోట్టెన్ ఊరి దగ్గర గుట్టల మీద డబ్ల్యూ-34 నిలబెట్టాడు. 34 మీటర్ల చుట్టు, వంద కిలోవాట్లు, రెండే రెక్కలు. ఇనుము కాదు, చెక్క కాదు, గాజు నారతో పోత పోసిన రెక్కలు. ఇవాళ ప్రపంచంలో పెద్ద గాలిమరలన్నిటి రెక్కలకూ మూలం ఆ గాజు నారే.

రెక్క తయారుచేయడం ఒక ఎత్తయితే, దాన్ని నడిమి ఇనుప కుండకు బిగించడం ఇంకో ఎత్తు. బండి చక్రంలో ఆకు ఎక్కడ విరుగుతుంది? కుండ దగ్గరే. హ్యూటర్ ఏంచేశాడంటే, గాజు నారను కోయకుండా, బోల్టు వచ్చే ప్రతి చోటా గుండ్రంగా చుట్టి వెనక్కి తిప్పాడు. బరువంతా నారే మోస్తుంది. చెప్పుకోవడానికి ఇంతే, చేయడానికి చాలా ఓపిక కావాలి.

ఆ యంత్రం 1968 దాకా నడిచింది. పెట్రోలు చౌకగా దొరుకుతున్న రోజులు, గాలి ఎవరికి కావాలి? విప్పేశారు. 1973లో చమురు ధర ఎగబాకాక అందరికీ హ్యూటర్ గుర్తొచ్చాడు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1975లో నిలబెట్టిన గాలిమర మీద ఆయన పని ప్రభావం స్పష్టంగా ఉంది. జర్మనీ ప్రభుత్వం 1983లో గ్రోవియాన్ పేరుతో వంద మీటర్ల చుట్టున్న రాకాసి యంత్రం కట్టింది. అది సరిగా తిరగనే లేదు. పగుళ్లతో ఆగిపోయి, 1988లో కూల్చివేతకు పోయింది.

పక్కనే ఉన్న డెన్మార్క్‌లో మరో రకంగా జరిగింది. ట్వింద్ అనే చోట బడి పంతుళ్లు, విద్యార్థులు, సహాయకులు కలిసి 1978 నాటికి సొంతంగా పెద్ద గాలిమర కట్టారు. రెక్కల మొదలు బిగించింది హ్యూటర్ పద్ధతిలోనే. అక్కడి నుంచి ఆ పద్ధతి చిన్న వర్క్‌షాపులకు, కమ్మరులకు చేరింది. ఊళ్లవాళ్లు వాటాలు వేసుకుని గాలిమరలు పెట్టుకున్నారు. లక్షకు పైగా కుటుంబాలు అలా వాటాదార్లయ్యాయి. నా దృష్టిలో డబ్ల్యూ-34కు అసలు వారసులు వాళ్లే, గ్రోవియాన్ కాదు.

మన దేశంలోనూ విమానాలవాళ్లే మొదలుపెట్టారు. 1959లో ఏర్పడ్డ నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ, బెంగుళూరులో, 1960లలో డబ్ల్యూపీ-2 అనే నీళ్లు తోడే గాలిమర తయారుచేసింది. ఊరూరా ఎందుకు నిలవలేదు? బావిలో నీళ్లు పైన ఉన్నంతకాలం గాలిమర పనికొస్తుంది. మోట పోయి మోటారు వచ్చి, బాయి పోయి వందల అడుగుల బోరు వచ్చాక, దాని శక్తి చాలదు.

ఇంకోటి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. గాలి వేగం రెండింతలైతే శక్తి ఎనిమిదింతలవుతుంది, సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మన పరకాల మైదానంలో గాలి గట్టిగా వీచేది వానాకాలం మొదట్లో. యాసంగి వరి నీళ్లకు అల్లాడేటప్పుడు గాలి ఉండదు. అందుకే గాలిమరలు పాత అనంతపురం జిల్లాలోని రామగిరి గుట్టల మీదికి, మన వికారాబాద్‌లో పరిగి వైపు పోయాయి గానీ ఇటు రాలేదు. ఎవరైనా వచ్చి మీ చెలకలో గాలిమర పెట్టి ఊరంతా వెలిగిస్తామంటే, ఏడాది పొడుగునా కొలిచిన గాలి లెక్కలు చూపించమనండి.

మన దగ్గరికి వచ్చేది సోలార్. 2019లో కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకంలో రైతు, సహకార సంఘం, పంచాయతీ కూడా 500 కిలోవాట్ల నుంచి రెండు మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకోవచ్చు. రాసుకునే ఒప్పందం 25 ఏళ్లది. పెట్టుబడి లేక రైతు భూమిని కంపెనీకి లీజుకిచ్చి పక్కకు తప్పుకుంటే, పట్టాదారుకు కిరాయన్నా వస్తుంది. ఆ భూమిని కౌలుకు దున్నేవాడికి ఏమొస్తుంది? ఆ పథకంలో అతని పేరు ఎక్కడా లేదు. డెన్మార్క్ ఊళ్లవాళ్లలా వాటాలు వేసుకునే దారి మనకు కాగితం మీద ఉంది. బ్యాంకు అప్పు, లైను దూరం, సబ్‌స్టేషన్‌లో జాగా: అడ్డంకులన్నీ అక్కడున్నాయి. సంఘం కొట్లాడాల్సిందీ అక్కడే.

భోజనాల తర్వాత ఈ ఒప్పందాల మీద కూర్చుందాం. మీ ఊళ్లో ఎవరైనా ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే ఆ కాగితం నకలు తెప్పించండి. కిరాయి ఏటా ఎంత పెరుగుతుందో, మధ్యలో కంపెనీ చేతులు మారితే రైతు ఎవరిని అడగాలో, గడువు తీరాక ఆ సిమెంటు దిమ్మెలు ఎవరు తవ్వి తీసుకుపోతారో, అందులో రాసి ఉందో లేదో కలిసి చదువుదాం.