బొమ్మల పుస్తకము – పిల్లల పటజ్ఞానము
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు మనము ముచ్చటించుకొనదలచిన విషయము చూచుటకు చిన్నది. అయిదారేండ్ల పిల్లలకు పటము చదువుట నేర్పుటెట్లు? అందుకు బొమ్మల పుస్తకములు ఎట్లు తోడ్పడును? ఇది పంతుళ్ల పని గదా, మన సంఘమునకేల అని కొందరు తలంపవచ్చును. ఈ పనిలో సగము బడిది, సగము ఇంటిది. ఇంటి సగమును తెలుగులో జరుపవలసినవారము మనమే.

బెంగళూరులో నేడు దారి యడుగువారు తక్కువ. ఫోను తిరుగుమన్న చోట తిరుగుదుము, ఆగుమన్న చోట ఆగుదుము. వెనుక సీటులో కూర్చున్న పిల్లవాడు లెఫ్టు, రైటు అను మాటలనే వినుచున్నాడు. మన అవ్వలు ‘పడమటింటిలో చెంబు’, ‘తూర్పు వీధిలో కొట్టు’ అని దిక్కులతో మాటాడెడివారు. ఆ వాడుక తగ్గిన కొలది పిల్లలకు దిక్కు తెలియుటయు తగ్గుచున్నది, దిక్కులకు తెలుగు పేర్లు తెలియుటయు తగ్గుచున్నది. బసవనగుడి కడలెకాయ పరిషెలో తల్లి చేయి విడిచిన పిల్ల తన యిల్లు గుడికి ఏ వైపున నున్నదో, ఏ చెరువు దాపుననున్నదో చెప్పగలిగినచో ఇల్లు చేరుట ఎంత సులభము! కావున ఇది కేవలము పరీక్ష మార్కుల విషయము కాదు.

పటము చదువుటకు నాలుగు నేర్పులు కావలెను. వస్తువును పైనుండి చూచినట్లు ఊహించుట మొదటిది. గుర్తును చూచి అది దేనికి బదులో తెలిసికొనుట రెండవది. దిక్కు నెరుగుట మూడవది. కాగితముమీది బెత్తెడు దూరము నేలమీద ఎంతయో గ్రహించుట నాల్గవది. చిన్నపిల్లలు గీచిన బొమ్మలను చూడుడు. దారిని పైనుండి చూచినట్లు గీయుదురు, దాని ప్రక్కనున్న ఇంటిని మాత్రము ఎదుటినుండి చూచినట్లు తలుపు, కిటికీలతో నిలువుగా గీయుదురు. అది తప్పని కసరుకొనరాదు. రెండు చూపులును వారి మనస్సులో ఇంకను వేరుపడలేదని మాత్రమే దాని యర్థము.

బొమ్మల పుస్తకము ఇచ్చటనే అక్కరకు వచ్చును. 1968లో ఇంగ్లండు చిత్రకారిణి పాట్ హచిన్స్ ‘రోజీస్ వాక్’ అను పుస్తకమును వెలువరించెను. ఒక కోడిపెట్ట షికారు బయలుదేరి, తన ఆవరణమంతయు చుట్టి గూటికి చేరుటయే కథ. మొత్తము పుస్తకమునకు ఒకే వాక్యము. వెనుక నొక నక్క పొంచి వచ్చుచుండును గాని, ఆ సంగతి మాటలలో లేదు, బొమ్మలలోనే కలదు. అందుచేత పిల్లవాడు ప్రతి పుటను కన్నులతో వెదకి చదువును. కుంట, గడ్డివామి, మర, కంచె, తేనెపెట్టెలు వరుసగా వచ్చును. ఒక్కొక్క దానిని దాటుటకు ఒక్కొక్క తీరు. దీనిని తెలుగులో చెప్పునప్పుడు చుట్టు, మీదుగా, ప్రక్కగా, సందునుండి, క్రిందుగా అను మాటలన్నియు పిల్లల నోట పడును. కథ ముగిసిన పిమ్మట ఆ కోడి నడచిన దారిని గీయుమన్నచో, వారు గీచినది పటమే యగును.

అట్టి పటమును గీయుటకు మన యిండ్లలో పలకకన్న మేలైన సాధనమొకటి కలదు. అది ముగ్గు. ముగ్గును ఎల్లప్పుడు పైనుండియే చూతుము. చుక్కలను లెక్కించుట, గీతలతో కలుపుట మన ఆడపిల్లలకు బడికి పోకముందే తెలియును. వాకిట ముగ్గుపిండితో వీధిని గీసి, ఇండ్లకు గులకరాళ్లును, చెట్లకు ఆకులును పెట్టుడు. పైనుండి చూచుట, గుర్తు నెరుగుట అను రెండు నేర్పులు ఆటగా పట్టుబడును.

మూడవది దిక్కు. మొదట పటమును గోడకు తగిలింపరాదు. గోడపటమును చూచిన పిల్లలు ఉత్తరమనగా ఆకాశమువైపని తలంతురు. పటమును నేలపై పరచి, దాని ఉత్తరమును నిజమైన ఉత్తరమునకు సరిపుచ్చిన పిదపనే వ్రేలు పెట్టి చూపవలెను. సూర్యుడు తూర్పున ఉదయించునని నేర్పుదుము. కాని సరిగా తూర్పున ఉదయించుట మార్చి, సెప్టెంబరు నెలల మూడవ వారము దాపున మాత్రమే. మన నగరము ఇంచుమించు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. కావున ఏప్రిలు చివరినుండి ఆగస్టు నడుమవరకు మిట్టమధ్యాహ్నపు నీడ దక్షిణమునకు పడును, తక్కిన కాలమున ఉత్తరమునకు పడును. వాకిట ఒక కర్రను పాతి నెలకొక మారు నీడను గుర్తించిన పిల్లవాడు దీనిని ఎన్నటికిని మరువడు.

నాల్గవది కొలత. దీనికి మన నగరమే గొప్ప సాక్షి. 1800 సంవత్సరమున విలియం లాంబ్టన్ బెంగళూరు సమీపమున 100 అడుగుల ఉక్కుగొలుసును మరల మరల పరచి, 7 మైళ్లకు పైబడిన యొక సరళరేఖను కొలిచెను. 1802లో మద్రాసున మొదలిడిన మహా త్రికోణమితి సర్వేకు ముందు జరిగిన కొలత యిది. మన పిల్లలు తాడు పట్టుకొని సందును కొలిచి, పది బారలకు ఒక జానెడు గీత గీసినచో, ఆ పనినే చిన్న యెత్తున చేసినవారగుదురు.

ఆ కాలముననే కాలిన్ మెకంజీ మైసూరు రాజ్యమును సర్వే గావించెను. ఆయనకు కుడిభుజముగా నిలిచినవారు ఏలూరికి చెందిన కావలి సోదరులు. బొర్రయ్య 1803లో చిన్నవయసుననే మరణించెను. తరువాత లక్ష్మయ్య ఆ పనిని వహించెను. వారు ఊరూరు తిరిగి శాసనములను, కైఫియతులను సేకరించిరి. వారి సోదరుడు రామస్వామి దక్కను పట్టణములను వర్ణించుచు 1828లో నొక పుస్తకమును ఇంగ్లీషున ప్రకటించెను. ప్రాచీన దక్కను పటమునకు తోడుగా చదువుకొనుటకై అది వ్రాయబడినది. పటమును, పుస్తకమును జతచేయుట మనవారికి క్రొత్త గాదు.

ఇక పుస్తకములు దొరకునా అందురేమో. దొరకును. 2004లో మన నగరముననే మొదలైన ప్రథమ్ బుక్స్ తెలుగు బొమ్మల పుస్తకములను ముద్రించుచున్నది. ఆ సంస్థయే 2015లో నెలకొల్పిన ‘స్టోరీవీవర్’లో అనేక భాషల కథలను ఉచితముగా చదువుకొనవచ్చును, అచ్చువేసికొనవచ్చును. చెన్నైలోని తూలిక, హైదరాబాదులోని మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్టు కూడ తెలుగున పిల్లల పుస్తకములను తెచ్చుచున్నవి. పిల్లకు తెలుగు లిపి రాకున్నను వెనుదీయనక్కరలేదు. పెద్దలు చదువుదురు గాక, పిల్ల బొమ్మను చదువును. ప్రయాణము, ఊరు, వాన, సంత మొదలగు విషయములు గల పుస్తకమును ఎంచి, ‘ఇప్పుడెక్కడ నున్నది? ఎటునుండి వచ్చెను? తిరిగి పోవుటెట్లు?’ అను మూడు ప్రశ్నలను ప్రతి పుటయందు అడిగిన చాలును.

అయినను మన బెంగళూరు వీధులను తెలుగున చూపు పుస్తకము మనకు కావలెను. కథ సిద్ధముగనే యున్నది. 1537లో కెంపేగౌడ ఊరు కట్టనెంచి, నడుమనుండి నాలుగు దిక్కులకు నాలుగు జతల తెల్లని యెడ్లచే నాగటిచాళ్లు తీయించెననియు, ఆ చాళ్లే వీధులైనవనియు చెప్పుకొందురు. ఉత్తర దక్షిణముల దొడ్డపేట, అనగా నేటి అవెన్యూ రోడ్డు. తూర్పు పడమరల చిక్కపేట. ఆయన పేరనున్న నాలుగు గోపురములు నేటికిని నిలిచియున్నవి: ఉత్తరమున మేఖ్రీ సర్కిల్ వద్ద, తూర్పున హలసూరు చెరువు వద్ద, దక్షిణమున లాల్‌బాగు బండపై, పడమట కెంపాంబుధి చెరువు వద్ద. నాలుగు ఆదివారములలో నాలుగింటిని పిల్లలకు చూపవచ్చును. నగరము వానిని దాటి ఎంత పెరిగినదో వారే చెప్పుదురు.

ఇందు కన్నడమునకు పోటీ యేమియు లేదు. మన పడమర వారి పడువణమునకు తోబుట్టువు. ఉత్తర దక్షిణములు ఇరువురకు నొకటే. ఇంట తెలుగున దిక్కు నెరిగిన పిల్ల బడిలో కన్నడమున త్వరగా గ్రహించును.

చివరగా నొక మాట. ‘మన ఊరేది?’ అని పిల్ల యడిగిన, మనలో పెక్కురు చిత్తూరో, అనంతపురమో, కడపయో చూపుదుము. అది తాతల ఊరు, మరువరానిది. కాని తరతరములుగా ఇచ్చటనే పుట్టి పెరిగిన వంశములకు తెలుగు ఎల్లకావలనే కలదని చెప్పినచో, పిల్ల తెలుగును సెలవులలో పోవు ఊరి భాషగా ఎంచును. పటముపై తాతల ఊరికొక చుక్క, మన వీధికొక చుక్క పెట్టి, రెండింటి పేర్లను తెలుగున వ్రాయింతము. అప్పుడు తాను నడచు నేలకును తెలుగున పేరున్నదని పిల్ల తెలిసికొనును.

కావున మా విన్నపమిది. ప్రతి కుటుంబమునందు ఈ నెలలో ఒక పిల్ల తన వీధిపటమును ఒక కాగితముపై గీయవలెను. గుడి, బడి, కొట్టు, చెట్టు, చెరువు, బస్సు ఆగు చోటు అందుండవలెను. పేర్లు తెలుగున, ఉత్తరపు గుర్తు తప్పక ఉండవలెను. వంకరలను పెద్దలు దిద్దరాదు. వానిని సంఘమున కందజేసినచో అన్నింటిని చేర్చి కుట్టుదము. బెంగళూరు పిల్లలు బెంగళూరును తెలుగున చూపిన బొమ్మల పుస్తకము అదియే యగును.