మైకు పరదా వెనుకకు కూడా పోవాలి

(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం పంతుళ్ళము. ఈ రోజు తెలుగులో మాట్లాడుతున్నాము. తప్పులుంటే మన్నించండి.

కొన్నేండ్ల కింద స్కాలర్‌షిప్పుల గురించి ఒక సభ పెట్టినాము. పెట్టినవారిలో మేమూ ఉన్నాము. దువా అయింది, శాలువాలు అయినవి, ఆరుగురు ఉపన్యసించినారు. చివరికి మేమే మైకు పట్టుకొని "ఎవరికైనా అనుమానాలున్నవా?" అని అడిగినాము. ఒక్కరూ లేవలేదు. అందరికీ అర్థమైందని సంతోషపడి సభ ముగించినాము.

నెల దాటినాక ఒక తల్లి బడికి వచ్చింది. భర్త బొంబాయికి పనికి పోయినాడు. ఇన్‌కం సర్టిఫికెట్ ఎవరి పేరున తీయాలో తెలియక బిడ్డ ఫారం ఇయ్యలేదు. తారీకు దాటిపోయింది. "ఆ రోజు సభకు రాలేదా అమ్మా?" అన్నాము. "వచ్చిన సార్. పరదా వెనుక కూసున్న. మైకు ఇటు రాలే గదా!" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

మన దీన్‌లో మష్వరాకు ఎంత విలువ ఉన్నదో మీకు తెలుసు. ఖురాన్‌లో 42వ సూరా పేరే 'షూరా', అంటే సంప్రదింపు. క్రీ.శ. 627లో శత్రుసైన్యం మదీనా మీదికి వచ్చినప్పుడు కందకం తవ్వుదామన్న సలహా హజ్రత్ సల్మాన్ ఫార్సీ (ర) ఇచ్చినారు. ఆయన ఈరాను దేశం నుండి వచ్చినవారు, ఒకప్పటి బానిస. దైవప్రవక్త (స) ఆ సలహా విన్నారు, మదీనా నిలిచింది. మంచి ఆలోచన ముందు వరుసలోనే పుట్టాలని ఎక్కడా లేదు.

మన దగ్గరి సంగతి ఒకటి చెబుతాము. 1921లో హైదరాబాదులో ఒక సంఘ సంస్కార సభ జరిగింది. అందులో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే కొందరు ఎగతాళి చేసి అల్లరి చేసినారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగితే దానికి అధ్యక్షులు మన గద్వాల జిల్లా ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు. 1952లో వనపర్తి నుండి శాసనసభకు పోయినది ఆయనే. వచ్చినవారి భాషకు చోటియ్యని సభ వారిని బయటికి పంపినట్టే. మన పిల్లలలో ఎందరో నేడు తెలుగు, ఇంగ్లీషు మీడియంలలో చదువుతున్నారు. వారికి బరువైన ఉర్దూ తఖ్‌రీర్ అందదు. అందుకే ఈ రోజు మా ప్రసంగం తెలుగులో.

మరి ఏమి చేయాలి? క్లాసులో "అర్థమైందా?" అంటే పిల్లలందరూ "జీ" అంటారు. "ఈ లెక్కలో తరువాత ఏమి చేస్తావు?" అంటేనే అసలు సంగతి బయటపడుతుంది. సభలో కూడా అంతే. "అనుమానాలున్నవా?" అనవద్దు. "మీ ఇంట్లో ఏ కాగితం దొరకటం లేదు?" అని అడగాలి.

రెండు వందల మంది ముందు లేవలేనివారు ఏడుగురిలో మాట్లాడుతారు. కనుక ఉపన్యాసాలు రెండు చాలు. ఆ తరువాత ఏడెనిమిది మంది చొప్పున గుండ్రంగా కూర్చుండబెట్టి పావుగంట ఇయ్యాలి. ప్రతి గుంపు నుండి రెండు ప్రశ్నలు రావాలి. రాయలేనివారికి మా విద్యార్థులు చీటీలు రాసి ఇస్తారు. పరదా వెనుక ఇంకొక మైకు పెట్టాలి, అక్కడ పెద్దరికం ఒక అమ్మకే ఇయ్యాలి. సభ వేళ కూడా కూలికి పోయేవారిని, ఆడవారిని అడిగి పెట్టాలి. ఏమి తీర్మానించినారో, ఎవరు చేయాలో రాసుకొని వచ్చే సభలో మొట్టమొదట అదే చదవాలి. చెప్పిన మాట ఎటు పోయిందో తెలియకుంటే రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో సభ పెట్టే పెద్దలందరికీ మా మనవి ఇదే. శాలువాలు తక్కువైతే ఎవరికీ నష్టం లేదు. ఒక తల్లి ప్రశ్న అడగలేకపోతే ఒక బిడ్డకు ఏడాది స్కాలర్‌షిప్పు పోతుంది.

మాకిచ్చిన వేళలో ఇంకా పది నిమిషాలున్నవి. అవి మావి కావు, మీవి. వాలంటీరు తమ్ముడూ, ఈ మైకు ముందు పరదా వెనుకకు తీసుకపో. మేము కూర్చొని వింటాము.