ప్రోస్టేటు రాచపుండు – అల్ట్రాసౌండు పరీక్ష
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



పెద్దలు సిగ్గుచే నోరు విప్పని యొక విషయమును నేడు మేము సభవారికి మనవి చేయ సాహసించుచున్నాము. అది పురుషులకు గలుగు ప్రోస్టేటు రాచపుండు.

మూత్రాశయమునకు దిగువను, మలాశయమునకు ముందును, మూత్రనాళమును చుట్టుకొని ఈ గ్రంథి యున్నది. మలాశయమునకు ఆనుకొని యుండుటచేతనే, సన్నని పరికరమును ఆ మార్గమున జొప్పించి, చెవికి వినబడని శబ్దతరంగములను పంపి, వాని ప్రతిధ్వనులచే గ్రంథి రూపమును తెరపై జూడ వీలగుచున్నది. జపాను దేశీయుడగు హిరోకి వతనబే మున్నగువారు ఇట్టి పరికరమును గూర్చి 1974లో ప్రకటించిరి.

ఐనను ఒక భ్రమను తొలగింపవలసి యున్నది. కడుపుపై నుండి తీసిన స్కానులో గ్రంథి పెరిగినదని వ్రాసినంతనే రాచపుండని కుములువారు కలరు. ఏమియు లేదన్నంతనే నిశ్చింతగా నుండువారును కలరు. ఇరువురును పొరబడుచున్నారు. వయసుతో గ్రంథి పెరుగుట సాధారణము. రాచపుండు కొన్నియెడల తెరపై నల్లని మచ్చగా గాన్పించును. పెక్కుయెడల చుట్టునున్న కండతో గలిసిపోయి కానరాదు. కావుననే 1989లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు వైద్యులు, అల్ట్రాసౌండు సాయమున గ్రంథియందలి ఆరు తావులనుండి క్రమముగా సూదితో తునుకలు తీయు పద్ధతిని ప్రకటించిరి. తరువాత ఆ సంఖ్య పది, పన్నెండునకు బెరిగినది. ఆ తునుకలను సూక్ష్మదర్శినిలో జూచినగాని నిర్ణయము లేదు. అల్ట్రాసౌండు సూదికి దారి చూపు కన్ను. తీర్పు చెప్పునది సూక్ష్మదర్శిని.

2018లో ప్రకటింపబడిన ప్రెసిషను పరిశోధనయందు 500 మంది పురుషులు పాల్గొనిరి. ముందు ఎం.ఆర్.ఐ. తీసి, అనుమానమున్న చోటనే సూది వేయు పద్ధతికి కేటాయింపబడినవారిలో నూటికి 38 మందికి, పాత పద్ధతిలో 26 మందికి చికిత్స విచారింపదగిన వ్యాధి బయటపడినది. నేడు ఎం.ఆర్.ఐ. చిత్రమును అల్ట్రాసౌండు చిత్రముతో జోడించియు సూదిని నడుపుచున్నారు.

పోషక మహాశయులకు మా విన్నపము: ఊరూర కడుపు స్కాను శిబిరములు పెట్టి ఈ వ్యాధి లేదని ధైర్యము చెప్పుటకు ద్రవ్యము వెచ్చింపకుడు. ఆ ద్రవ్యముతో, రక్తమున పి.ఎస్.ఎ. హెచ్చుగా నున్న పేద సోదరుని మూత్రరోగ నిపుణునికడకు జేర్చుడు; ఎం.ఆర్.ఐ.కిని, తునుక పరీక్షకును, దారి ఖర్చులకును తోడ్పడుడు. పి.ఎస్.ఎ. హెచ్చినంతనే రాచపుండనియు దలపరాదు.

ఏబదియేండ్లు దాటినవారును, తండ్రికిగాని సోదరునికిగాని ఈ వ్యాధి వచ్చినచో నలువదియైదు దాటినవారును, బాధ లేకున్నను వైద్యునితో నొకమారు మాటలాడవలెను. తొలిదశలో ఈ వ్యాధి తరచు ఏ లక్షణమును జూపదు. సిగ్గుపడి జాగుచేసినచో, దాని ఫలము ఇంటిల్లిపాది యనుభవింపవలసివచ్చును. సభవారు ఈ మనవి నాలకింతురుగాక!