చిల్లర కాసులు, ఒక స్వరము

(రేడియో ప్రసంగ పాఠము)



మార్కు సువార్త 12వ అధ్యాయములో ఒక బీద విధవరాలు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన సంగతి మనకు తెలిసినదే. ఆమె కానుకను ప్రభువు మెచ్చుకున్నాడు. అయితే ఆ రెండు కాసులు తరువాత ఏ పనికి వాడబడ్డాయో అక్కడ వ్రాయబడలేదు. బీదలు వేసే కానుక చివరికి ఏమవుతుందో కళ్ళారా చూడగలిగితే ఎంత బాగుండును అని మీలో కొందరికి అనిపించి యుండవచ్చు. ఈ పూట అటువంటి ఒక సంగతి మీతో చెప్పాలని ఆశిస్తున్నాను. అది మేరియన్ ఆండర్సన్ అనే గాయని జీవితము.

ఆమె 1897వ సంవత్సరం ఫిబ్రవరి 27న అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణంలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. తండ్రి మంచుగడ్డలు, బొగ్గులు అమ్మేవాడు. తల్లి పూర్వం వర్జీనియా రాష్ట్రంలో బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఆ కుటుంబం వెళ్ళే సంఘం పేరు యూనియన్ బాప్టిస్టు చర్చి. ఆరేళ్ళ వయసులో మేరియన్ అక్కడి పిల్లల క్వయర్‌లో చేరింది. స్త్రీల గొంతులలో అన్నిటికంటె లోతైన దానిని కాంట్రాల్టో అంటారు. ఆ చిన్న పిల్లకు అటువంటి గొంతు ఉన్నది. పెద్దల క్వయర్‌లోకి వచ్చాక సొప్రానో మొదలు బేస్ వరకు నాలుగు స్వరాలూ నేర్చుకున్నది. ఎవరు రాకపోతే వారి భాగం తానే పాడేది.

మేరియన్‌కు పన్నెండేళ్ళప్పుడు తండ్రి పనిలో తలకు దెబ్బ తగిలి, కొద్దికాలానికే చనిపోయాడు. తల్లికి ముగ్గురు ఆడపిల్లలు. ఒకప్పుడు పాఠాలు చెప్పిన ఆమె ఊరివాళ్ళ బట్టలు ఉతికింది, ఒక పెద్ద దుకాణంలో నేలలు తుడిచింది. చదువు సాగక సాగక, మేరియన్ హైస్కూలు పూర్తి చేసేసరికి 1921వ సంవత్సరం వచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై నాలుగేళ్ళు.

మధ్యలో ఒకసారి తన పట్టణంలోని సంగీత పాఠశాలలో చేరాలని వెళ్ళింది. వరుసలో నిలబడింది. తన వెనుక వచ్చిన వారందరికీ దరఖాస్తులు ఇచ్చి పంపించారు గాని ఈమెను పలకరించలేదు. చివరికి నల్లవారిని ఇక్కడ చేర్చుకోము అని చెప్పారు. ఆమె గొంతు ఎవరూ వినలేదు, చర్మము మాత్రమే చూశారు.

అప్పుడు ఆ సంఘం ఏమి చేసిందో వినండి. అక్కడ ధనవంతులు లేరు. ఇళ్ళలో పనిచేసేవారు, కూలిపని చేసేవారు, మేరియన్ తల్లివంటి విధవరాండ్రు ఉన్నారు. వారు ఈ అమ్మాయి కొరకు ఒక నిధి పెట్టి, చిల్లర కాసులు పోగుచేశారు, కచేరీలు ఏర్పాటు చేశారు. ఆ డబ్బుతో జుసెప్పె బొగెట్టి అనే మంచి గురువు దగ్గర ఆమెకు శిక్షణ ఇప్పించారు.

అంతటితో అంతా సులువైపోలేదు. 1924లో న్యూయార్కు టౌన్ హాలులో ఆమె పాడినప్పుడు కుర్చీలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. పత్రికలు ఆమె పాటలో లోపాలు వ్రాశాయి. ఆమె మనస్సు విరిగి, కొన్ని నెలలు పాడడమే మానుకున్నది. కాని 1925లో దాదాపు మూడు వందల మంది పాల్గొన్న పోటీలో గెలిచి, న్యూయార్కు ఫిల్హార్మోనిక్ వాద్యబృందంతో పాడింది. ఆ తరువాత ఐరోపాకు వెళ్ళింది. స్వీడన్, నార్వే, ఫిన్లాండు, డెన్మార్కు దేశాల్లో వందకు పైగా కచేరీలు చేసింది. ఫిన్లాండు స్వరకర్త సిబేలియస్ ఆమె పాట విని, నీ స్వరానికి నా ఇంటి కప్పు ఎత్తు చాలదు అన్న భావంతో మాట్లాడాడు. 1935లో సాల్జ్‌బర్గ్‌లో విన్న టోస్కనీని అనే గొప్ప సంగీత దర్శకుడు, ఇటువంటి గొంతు నూరేళ్ళకొకసారి వినబడుతుందని అన్నాడు.

అంత పేరుతో స్వదేశానికి తిరిగి వచ్చినా తలుపులు పూర్తిగా తెరచుకోలేదు. 1937లో ప్రిన్స్‌టన్ పట్టణంలో పాడడానికి వెళితే హోటలులో గది ఇవ్వలేదు. శాస్త్రజ్ఞుడైన ఐన్‌స్టీన్ తన ఇంటిలో చోటిచ్చాడు. 1939లో వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలును ఆమె కచేరీకి అడిగారు. ఆ హాలు యజమానులైన మహిళల సంఘం, తెల్లవారికే గాని ఇవ్వమన్నది. దేశాధ్యక్షుని భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆ సంఘపు సభ్యత్వానికి రాజీనామా ఇచ్చింది.

చివరికి ఏప్రిల్ 9న, అది ఈస్టర్ ఆదివారం, లింకన్ స్మారక మందిరం మెట్ల మీద, ఆకాశం కింద ఆమె పాడింది. చలిగాలిలో 75,000 మంది నిలబడి విన్నారు. రేడియోలో లక్షలాదిమంది విన్నారు. మొదట దేశభక్తి గీతం పాడింది. అందులో నేను అని ఉన్నచోట ఆమె మేము అని మార్చి పాడింది. తరువాత ఒక ఒపేరా పాట పాడింది. ఒపేరా అంటే కథనంతటినీ పాటలతోనే నడిపే నాటకము. మన పద్యనాటకాల నటులవలె అక్కడ కూడా వేషం వేసినవారే గొంతెత్తి పాడాలి. ఆ పాట దొనిజెత్తి రచించిన లా ఫావొరిటా అనే ఒపేరాలోనిది. అప్పటికి ఆ దేశపు పెద్ద ఒపేరా రంగస్థలం మీద నల్లజాతి గాయకులెవరికీ పాత్ర దొరకలేదు.

ఆ పాత్ర దొరికేసరికి మరి పదహారేళ్ళు పట్టింది. 1955 జనవరి 7న న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరాలో, వెర్దీ రచించిన ఒపేరాలో ఉల్రీకా అనే సోదెచెప్పే స్త్రీ పాత్రలో ఆమె అడుగుపెట్టింది. ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తల్లి ఆ రాత్రి అక్కడే ఉన్నది. కూతుర్ని కౌగిలించుకొని ప్రభువుకు కృతజ్ఞత చెప్పింది.

దేవుని బిడ్డలారా, ఇక్కడ మనము జాగ్రత్తగా ఆలోచించాలి. అన్నీ దేవుని సమయంలో జరిగాయి అని తేలికగా చెప్పి ముగించవచ్చును. కాని ఆ రాత్రికి మేరియన్ వయసు 57 సంవత్సరాలు. గొంతు నిండుగా ఉన్న రోజులు దాటిపోయాయి. నలభై ఏళ్ళ వయసులో ఆమె ఆ రంగస్థలం మీద ఎలా పాడి యుండేదో ఎవరూ ఎప్పటికీ వినలేరు. ఆ తలుపు మూసినది దేవుడు కాదు, మనుష్యులు. మనుష్యులు చేసిన తప్పును దేవుని చిత్తమని పిలవవద్దు. మన ఊళ్ళలో కూడా పుట్టిన పేటను బట్టి, ఇంటిపేరును బట్టి ఒక బిడ్డను వెనుక వరుసలో కూర్చోబెట్టే అలవాటు ఉంటే, అది ప్రభువు పేరట చేయదగిన పని కాదు.

మరి మనము నేర్చుకోవలసినది ఏమిటి?

మొదటిది, తలాంతు ఒకరికి ఇవ్వబడినా దానిని పెంచే భారము అందరిది. మేరియన్ తనను గూర్చి చెప్పేటప్పుడు నేను అనక, మేము అనడం అలవాటు చేసుకున్నది. తన గొంతులో ఎంతమంది కాసులున్నాయో ఆమెకు తెలుసు.

రెండవది, పొందినవాడు తిరిగి ఇవ్వాలి. 1941లో ఫిలడెల్ఫియా పట్టణం ఆమెకు 10,000 డాలర్ల బహుమానం ఇచ్చింది. దానితో ఆమె యౌవన గాయకుల కొరకు ఒక నిధి స్థాపించింది. సంఘము తనకు చేసినదే ఆమె ఇతరులకు చేసింది.

మూడవది, ఒకరికి తెరచిన తలుపు ఒకరితో ఆగదు. 1936లో మిసిసిపీ రాష్ట్రంలో ఒక తల్లి తొమ్మిదేళ్ళ కూతుర్ని మేరియన్ కచేరీకి తీసుకొని వెళ్ళింది. ఆ పాప లియొంటిన్ ప్రైస్. 1961లో ఆమె అదే మెట్రోపాలిటన్ రంగస్థలం మీద పాడి ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

మేరియన్ 1957లో ఆసియా దేశాలు తిరుగుతూ మన దేశానికి కూడా వచ్చి పాడింది. 1965లో కచేరీలు విరమించి, 1993 ఏప్రిల్ 8న 96 ఏళ్ళ వయసులో ప్రభువు సన్నిధికి చేరింది. 2024లో ఫిలడెల్ఫియా వాద్యబృందం కచేరీ చేసే పెద్ద హాలుకు మేరియన్ ఆండర్సన్ హాలు అని పేరు పెట్టారు. దరఖాస్తు కాగితం కూడా ఇవ్వక పంపేసిన పట్టణము అదే.

జీవితంలో అన్నిటికంటె గొప్ప దినము ఏది అని అడిగితే ఆమె రాజులను గాని, చప్పట్లను గాని తలచుకోలేదు. అమ్మా, ఇక నీవు పనికి వెళ్ళనక్కరలేదు అని చెప్పగలిగిన దినమే అన్నది.

ప్రియులారా, మీ సంఘములో పాడే బిడ్డ, చదివే బిడ్డ, బొమ్మలు వేసే బిడ్డ ఎవరున్నారు? వారి ఇంటి పరిస్థితి ఏమిటి? ఈ ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత వెంటనే ఇంటికి వెళ్ళిపోక, ఆ బిడ్డ తల్లిని పలకరించండి. మన చేతిలో ఉన్నది రెండు కాసులే కావచ్చు, అయినా తెచ్చి వేద్దాము.

ప్రార్థించుకొందాము. ప్రభువా, మా మధ్య నీవు ఉంచిన బిడ్డలను చూచే కన్నులు మాకు దయచేయుము. మేము మూసిన తలుపులుంటే తెరవడానికి ధైర్యమిమ్ము. మా కొంచెమును నీ చేతులలో పెట్టుచున్నాము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.