వెలుతురుతో చల్లబరచుట



ఎండ తగిలిన వస్తువు వేడెక్కుట అందరు నెరిగినదే. వెలుతురు తగిలి వస్తువు చల్లబడు ననిన వినువారు నవ్వుదురు. కాని డెమెల్ట్, వైన్‌లాండ్ అను శాస్త్రజ్ఞులు 1975లో ఈ మాటనే సూచించిరి. 1978లో జర్మనీ దేశమున హైడెల్‌బెర్గు నగరములో బేరియముతోను, అమెరికా దేశమున బౌల్డరులో మెగ్నీషియముతోను అది జరిగినది.

వేడి యనగా పరమాణువుల చలనమే. పరమాణువునుండి ఒక ఎలక్ట్రానును తొలగించినచో అది విద్యుదావేశము గల అయాను అగును. దానిని గాలి తీసివేసిన పాత్రలో, వేగముగా మారుచుండు విద్యుత్ క్షేత్రముల నడుమ నిలిపి యుంచవచ్చును. ఇట్టి బోనును నిర్మించినవాడు ఉల్ఫ్‌గాంగ్ పౌల్.

బోనులో అయాను ఊయలవలె ఊగుచుండును. ఊయల నాపదలచినవాడు అది తనవైపు వచ్చునప్పుడు మాత్రమే అరచేయి అడ్డము పెట్టును. పోవునప్పుడు త్రోసినచో ఊపు హెచ్చును గదా. వెలుతురునకు ఈ వివేకమెట్లు కలుగును? ఎదురు వచ్చు రైలు కూత హెచ్చు శ్రుతిలో వినబడును. అట్లే లేసరు కాంతి స్పందన సంఖ్యను అయానుకు సరిపడు దానికంటె రవంత తగ్గించి యుంచినచో, ఆ కాంతికి ఎదురు వచ్చు అయానుకే అది బాగుగా సరిపోవును. అయాను కాంతికణమును మ్రింగి, ఎదురుదెబ్బ తిని, నెమ్మదించును. పిదప కాంతిని ఏదో యొక దిక్కునకు విడిచివేయును.

బేరియము అయానుకు ఒక్క దెబ్బతో తగ్గు వేగము సెకనుకు సుమారు 6 మిల్లీమీటర్లు. గది వేడిమిలో దాని వేగమో, సెకనుకు 230 మీటర్లకు పైబడినది. కావున దాదాపు 40,000 దెబ్బలు కావలెను. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

493 నానోమీటర్ల కాంతి అయానును నేలమెట్టునుండి పైమెట్టున కెక్కించును. అది కన్నుమూసి తెరచునంతలో దిగివచ్చును. కాని నడుమ ఒక అటక కలదు. సుమారు నాలుగింట నొకసారి అయాను నేలకు రాక ఆ అటకపై పడును. అచ్చటనుండి తనంత తాను దిగుటకు సగటున ఒక నిమిషమునకు మించి పట్టును. అంతవరకు ఆ కాంతి ఎంత ప్రసరించినను దానికి పట్టదు. నలువది వేల దెబ్బలు కావలసిన పని నాలుగైదు దెబ్బలకే నిజముగా అటకెక్కినది! మెగ్నీషియమునకు ఇట్టి అటక లేదు. బౌల్డరువారికి ఈ బాధ తప్పినది.

హైడెల్‌బెర్గువారు రెండవ లేసరును తెచ్చిరి. 650 నానోమీటర్ల ఎర్రకాంతి అటకమీది అయానును మరల పైమెట్టున కెక్కించును. అది దిగివచ్చి మొదటి కాంతికి చిక్కును. ఇందును ఒక మెలిక యున్నది. రెండు కాంతులును తమ తమ సరియైన స్పందన సంఖ్యలనుండి సమానముగా తొలగియున్నచో, అయాను నేలమెట్టు, అటక రెండును కలిసిన యొక వింత స్థితిలో చిక్కి, రెండు కాంతులలో దేనిని గ్రహింపక చీకటియగును. అందుచే రెంటిని వేర్వేరుగా సవరింపవలెను. ఇట్లు సవరించి, 1980లో హైడెల్‌బెర్గువారు ఒకే యొక బేరియము అయానును ఛాయాచిత్రము తీసిరి.

ఒక్క పరమాణువుతో మనము ప్రయోగములు చేయుట లేదని 1952లో ష్రోడింగర్ వ్రాసెను. ఎలక్ట్రాను మెట్టునుండి మెట్టునకు దుమికి పోవునన్న బోర్ మాటను ఆయన నమ్మలేదు. 1986లో సియాటిల్ నగరమున డెమెల్ట్ బృందమువారు బోనులో ఒక్క బేరియము అయానును రెండు లేసర్లతో వెలిగించి, దానిపై వేరొక దీపపు బలహీనమైన కాంతిని ప్రసరింపజేసిరి. ఎర్రకాంతి యందుకొనలేని రెండవ అటక యొకటి బేరియమునకు కలదు. అయాను దానిపై పడినంతనే వెలుగు చప్పున ఆరినది. సగటున అరనిమిషము చీకటి. పిదప ముందు సూచన యేమియు లేకుండ మరల వెలిగినది. అదే యేట హాంబర్గులోను, బౌల్డరులోను ఇట్లే కనబడినది. మునుపు పనికి అడ్డుపడిన అటకవంటిదే, ఇప్పుడు ఒక్క పరమాణువు దుముకును కనులముందు నిలిపినది.