వేటవిల్లుకు బలమొక్కటే చాలదు

వేటకు విల్లు ఎంచుకునేవారు ముందుగా అడిగేది దాని బలమెంత అని. యుద్ధానికైతే అది సరైన ప్రశ్నే. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్‌లో వందకు పైగా విళ్లు దొరికాయి. వాటిలో చాలావాటిని నిండుగా లాగడానికి 100 పౌండ్లకు మించిన బలం కావాలని పరిశోధకుల అంచనా. శత్రుమూక మీద దూరం నుంచి బాణాలు కురిపించే విళ్లవి. కాలిఫోర్నియాలోని యాహీ తెగవాడు ఇషీ విల్లు అలాంటిది కాదు. 1911లో బయటి ప్రపంచం కంటబడిన ఇషీ దగ్గర శాక్స్టన్ పోప్ అనే వైద్యుడు విలువిద్య నేర్చుకుని, చూసినదంతా రాసిపెట్టాడు. జునిపర్ కర్రకు వెనకవైపు లేడి స్నాయువులు అతికించిన ఆ విల్లు లాగుడు 40, 45 పౌండ్లే. జింకకు అది చాలింది. వేటకు ముందురోజు ఇషీ చేపలు ముట్టేవాడు కాదు, పొగ తాగేవాడు కాదు; తెల్లవారుజామునే వాగులో స్నానం చేసి, వాసనగల ఆకులు ఒంటికి రుద్దుకునేవాడు. మృగం పసిగట్టకుండా అంత దగ్గరికి పోగలిగినవాడికి దూరం కొట్టే విల్లుతో పనేముంది?

బలం తక్కువైతే జంతువు గాయంతో పారిపోయి నరకయాతన పడుతుంది కదా అంటారు. న్యాయమైన మాటే. అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాలు వేటవిల్లుకు కనీస బలం నిర్ణయించాయి. అయితే బాణం తూటాలా దెబ్బ అదురుతో చంపదు. ములికి అంచు రక్తనాళాలను కోస్తేనే ప్రాణం పోతుంది. ములికి మొద్దుబారినా, గురి తప్పినా ఎంత బలమైన విల్లయినా ఆ యాతనను ఆపలేదు. పైగా, లాగలేని విల్లు పట్టి చేతులు వణికేవాడికే గురి ఎక్కువగా తప్పుతుంది.

అసలు జాగ్రత్త బాణం దగ్గర కావాలి. నారి తోసినప్పుడు బాణపు కర్ర కాస్త వంగి, వింటిబద్దను చుట్టుకుని ముందుకు పోతుంది. కుడిచేతివాటం వారికి కర్ర మరీ బిరుసైతే బాణం ఎడమకు, మరీ మెత్తనైతే కుడికి తొలగుతుంది. కాబట్టి ఒక విల్లుకు కుదిరిన బాణం మరోదానికి కుదరాలని లేదు. తేలిక బాణం వేగంగా పోతుంది, నిజమే. కానీ విల్లులోని శక్తిని అది పూర్తిగా తీసుకోలేదు. మిగిలింది అదురుగా, చప్పుడుగా తేలుతుంది. ఆ చప్పుడుకే జింక ఒళ్లు ముడుచుకుని తప్పుకుంటుంది. కాస్త బరువైన బాణమే మేలని నేననేది అందుకే.

మన దేశంలో 1972 నాటి చట్టం వన్యమృగాల వేటను నిషేధించింది. ఇక్కడ విల్లు కొనేవారి గురి బోర్డు మీదే ఉండాలి. వారైనా కొనేముందు విల్లును నిండుగా లాగి, చేయి వణకకుండా నాలుగైదు క్షణాలు నిలపగలరేమో చూసుకోవాలి. నిలపలేకపోతే ఇంకో పది పౌండ్లు తక్కువది అడగడమే మంచిది.